పన్నెండో మెట్టు దగ్గర

జూన్ 10, మంగళవారం

ఈ పుస్తకానికి ముందు వైపు గ్యాస్ బండ మార్చిన తేదీలు, ట్యాంకు కడిగించిన తేదీలు, ఆయన మాత్రల వేళలు ఉన్నాయి. ఇవాళ వెనక్కి తిప్పి ఇటు నుంచి మొదలుపెట్టాను. ఇటు ఎవరూ చూడరు.

ఆయన క్రేన్ నిచ్చెన మీంచి జారి నాలుగు నెలలైంది. ఎడమ మణికట్టులో ప్లేటు వేశారు, ఎముక అతికింది. నరమే ఇంకా కోలుకోలేదు. వేళ్ళు ముడుచుకుంటాయి గాని బలం లేదు. ఫిజియోథెరపీలో ఫర్హా మేడమ్ రబ్బరు బంతి ఇచ్చి రోజుకి రెండొందల సార్లు నొక్కమంది. ఆయన ఇరవై నొక్కి కిటికీలో పెట్టేస్తారు. పెళ్ళికి ముందు ఎలమంచిలిలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాకి గిటారు వాయించేవాడినని మాటల్లో చెప్తే, "అయితే అదే వాయించండి, బంతి కన్నా మంచిది" అందట.

ఇవాళ అటక మీంచి దించాం. ఆయనతో యార్డులో పనిచేసే కన్నబాబు కొత్త తీగలు తెచ్చి వేసి వెళ్ళాడు. ఆయన మంచం అంచున కూర్చుని ఎడమచేతి వేళ్ళు ఆనించి, కుడిచేత్తో మీటారు. కర్ర మీద కొట్టినట్టు టక్‌మంది. ఇంకా గట్టిగా నొక్కారు. వేళ్ళ చివరలు తెల్లబడ్డాయి. ఒక్క తీగా పలకలేదు.

"ఇది నా గిటారు కాదేటే?" అన్నారు.

"మీదేనండీ."

"మరి పలకదేటి."

నాకేం తెలుసు. పప్పు మాడుతోందని వంటింట్లోకి వచ్చేశాను. పప్పు మాడటం లేదు.

జూన్ 13, శుక్రవారం

గిటారు మళ్ళీ అటక ఎక్కింది. బంతి కూడా ముట్టుకోలేదు.

జూన్ 17, మంగళవారం

మంగళ, శుక్రవారాలు ఆయన ఫిజియోథెరపీకి పదింటికి వెళ్తే ఒంటిగంట దాకా రారు. ఇవాళ ఆ వేళకి గిటారు దించి, దుప్పటి చుట్టి, ఆటోలో వన్‌టౌన్ వెళ్ళాను. మల్కాపురం నుంచి ముప్పావుగంట పట్టింది, ట్యాంకర్లు అడ్డం. హార్మోనియంలు బాగుచేసే షరీఫ్ గారి కొట్టు అక్కడ ఉందని మా వీధిలో భజన వాళ్ళు చెప్పారు.

షరీఫ్ గారికి అరవై దాటి ఉంటాయి. గిటారుని కంటి దగ్గర పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూశారు.

"ఎన్నేళ్ళు పడుంది అమ్మా ఇది?"

"ఇరవై పైనే."

"కర్ర వంగింది. తీగలు పైకి లేసిపోయేయి. ఇంతెత్తుంటే పహిల్వాను కూడా నొక్కలేడు."

గిటారు మెడ మీద వరసగా ఉన్న ఇత్తడి బద్దల్ని మెట్లు అంటారు. పన్నెండో మెట్టుకీ దాని పైన లావు తీగకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. మెకానిక్‌లు వాడే సన్నటి ఉక్కు రేకుల కట్ట తీసి, ఒక్కొక్క రేకూ కలిపి దూర్చి చూపించారు. మూడు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. రెండున్నర ఉంటే చేతికి హాయిగా ఉంటుందట. తీగలు కింద ఆనే చోట తెల్లటి ఎముక ముక్క ఉంటుంది, దాన్ని సాడిల్ అంటారు. దాని అడుగు భాగం గరుకు కాగితం మీద రుద్దితే తీగలు దిగుతాయి. ఎంత అరగదీస్తే అందులో సగం దిగుతుంది. అంటే పాయింట్ రెండు దించాలంటే పాయింట్ నాలుగు రుద్దాలి.

"గంట కూర్చోండి, రెండున్నరకి దింపి ఇచ్చీస్తాను," అన్నారు.

నేను వద్దన్నాను. ఒకేసారి వద్దు, కొంచెం కొంచెంగా నేనే ఇంట్లో చేసుకుంటాను, ఎలాగో చూపించండి అన్నాను.

"ఒకేసారి దింపితే ఏటమ్మా నష్టం?"

"ఆయనకి తెలుస్తుంది."

షరీఫ్ గారు కళ్ళద్దాలు తీశారు. "తెలిస్తే?"

ఆయన చెయ్యి ఆయనకే బాగవుతోందనిపిస్తే మంచిదని చెప్పాను. వాయించాలనిపిస్తుంది, వాయిస్తే నిజంగానే బలం వస్తుంది అని చెప్పాను.

"నలభై ఏళ్ళ నుంచి సేస్తన్నాను. తీగలు దింపమని వాయించేవోళ్ళే వచ్చేరు. ఇలాగ ఎవరూ రాలేదు," అన్నారు. కాని చూపించారు. వంగిన కర్రని సరిచేసే సన్నటి తాళంచెవి కూడా ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో చెప్పారు. రేకుల కట్ట అరువిచ్చారు. "రుద్దింది మళ్ళీ అతకదు. కొలిసి రుద్దండి."

కొలవడం నాకు చెప్పక్కర్లేదు.

జూన్ 20, శుక్రవారం

3.4 నుంచి 3.2.

వంటింటి గ్రానైటు గట్టు సమంగా ఉంటుంది. దాని మీద గరుకు కాగితం పరిచి రుద్దాను. ముందు పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. తీగలు మళ్ళీ బిగించి, ఫోనులో శృతి చూసే యాప్ పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశాను. గంటన్నర పట్టింది. ఎముక పొడి గసగసాల పిండిలా ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను.

గిటారు అటక మీద పెట్టలేదు, మంచం పక్కన పెట్టాను. ఇల్లు దులిపానని చెప్పాను.

జూన్ 24, మంగళవారం

3.0. ఆయన ముట్టుకోలేదు.

జూన్ 26, గురువారం

సాయంత్రం తీశారు. రెండు సన్న తీగలు పలికాయి. నా వైపు చూశారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, తల ఎత్తలేదు.

"విన్నావేటి?"

"దేన్నండీ?"

"ఏటీ నేదు," అని మళ్ళీ మీటారు. అన్నం వేళ దాకా అలా మీటుతూనే ఉన్నారు.

జూలై 4, శుక్రవారం

2.8. శృతి రోజూ తప్పుతోందని ఆయనకి అనుమానం వచ్చింది. "వాన గాలికి తీగలు దిగిపోతన్నాయి," అని ఆయనే కారణం చెప్పుకున్నారు. అవునన్నాను.

వీలు చూసి చెప్పేయాలి. ఇవాళ సందర్భం రాలేదు.

జూలై 11, శుక్రవారం

2.6. షరీఫ్ గారు చెప్పిన కొలతకి వచ్చేసినట్టే. ఇక్కడ ఆపేస్తాను.

తీగలు కలిపి నొక్కే పట్లని కార్డులంటారట, మూడు పలుకుతున్నాయి. ఒక పాట సగం వచ్చింది. ఫర్హా మేడమ్ ఏమందని అడిగితే "బాగుందంది" అన్నారు. గడ్డం రోజూ గీసుకుంటున్నారు.

జూలై 15, మంగళవారం

2.4. వాళ్ళ ఆర్కెస్ట్రాలో ఎఫ్ అనే కార్డు పట్టగలిగినవాడినే అసలు వాయిద్యగాడు అనేవారట. దానికి చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ నొక్కాలి. నిన్నంతా దాని మీదే కూర్చుని విసుక్కున్నారు. అందుకే ఇంకొక్క గీత.

సాయంత్రం కన్నబాబు వచ్చాడు. పదిహేనేళ్ళుగా యార్డులో ఆయన పైన క్రేన్ కేబిన్‌లో, కన్నబాబు కింద కొక్కెం దగ్గర. ఇనుప కట్టలకి తాళ్ళు తగిలించి సైగ చేసేది అతనే. చుట్టరికం ఏమీ లేదు గాని ఆయన్ని బావ అంటాడు, నన్ను అక్క అంటాడు.

"ఏటి బావా, పెళ్ళిళ్ళకి బయానా తీసుకుంతన్నావా?"

"నీ రెండో పెళ్ళికి తీసుకుంతాను."

"అక్కా, సూడు, సెయ్యి బాగయ్యేసరికి నోరు కూడా లేసింది."

ముగ్గురం నవ్వుకున్నాం. వెళ్ళేటప్పుడు కన్నబాబు, ఆగస్టు పన్నెండున కాంట్రాక్టరు డాక్టరు ఫిట్‌నెస్ చూస్తాడనీ, అప్పటిదాకా ఆయన సీటు ఆపి ఉంచారనీ, ఆ రోజు దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారనీ చెప్పాడు.

జూలై 22, మంగళవారం

2.2. ఎఫ్ పలికింది. ఆరు తీగలూ. లావు తీగ కొంచెం జుమ్మంటోంది, మెట్టుకి తగులుతోంది. ఆయన పట్టించుకోలేదు. వీధి గుమ్మంలోకి వెళ్ళి ఫోను చేసి మరీ కన్నబాబుకి వినిపించారు.

"ఎఫ్ పట్టీసేను. క్రేన్ లివరు ఏటి లెక్క."

పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో ఆయన ఇంత సంతోషంగా ఉండటం నేను నాలుగైదు సార్లు చూసి ఉంటాను.

జూలై 25, శుక్రవారం

ఎడమ చేతిలోంచి మజ్జిగ గ్లాసు జారింది. గ్లాసు తడిగా ఉంది.

జూలై 29, మంగళవారం

కాఫీ గ్లాసు. ఇది తడిగా లేదు.

ఆగస్టు 1, శుక్రవారం

ప్యాంటు ఉతకడానికి జేబులు చూస్తుంటే ఫిజియోథెరపీ కార్డు దొరికింది. ఇన్నాళ్ళూ ఆయనే దాచుకునేవారు. అప్పుడప్పుడు పిడికిలి బలం మిషన్ మీద చూసి కిలోల్లో రాస్తారట. కుడిచెయ్యి 38. ఎడమది వరసగా ఇలా ఉంది:

జూన్ 20: 11
జూలై 4: 12
జూలై 11: 11
జూలై 22: 12
ఆగస్టు 1: 12

ఈ పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. అవే తేదీలకి నేను రాసినవి 3.2, 2.8, 2.6, 2.2. నా అంకె దిగుతూ వచ్చింది. కార్డు మీద అంకె ఉన్నచోటే ఉంది. వాయిస్తే బలం వస్తుందని షరీఫ్ గారికి చెప్పాను. రాలేదు. వచ్చిందంతా గరుకు కాగితం మీదే వచ్చింది.

ఆయన కార్డు చూసుకోలేదా? చూసుకునే ఉంటారు. గిటారు పలుకుతుంటే మిషన్ మీద రాసిన అంకెని ఎవరు నమ్ముతారు.

కార్డు మళ్ళీ జేబులో పెట్టలేను, తడిసిపోతుంది. టీవీ మీద పెట్టాను.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పలేదు. కాంట్రాక్టరు డాక్టరు ఎలాగూ చూస్తాడు, అతనికి తెలియదా.

ఆగస్టు 5, మంగళవారం

కన్నబాబు వస్తే ఆ సంగతి అడిగాను. డాక్టరు ఏం చూస్తాడు అని.

"ఏటి సూస్తాడక్కా. వేళ్ళు మూసి తెరవమంతాడు. పని సెయ్యగలవా అంతాడు. సెయ్యగలనంటే సంతకం పెట్టీస్తాడు. బయట నలభై మంది లైన్లో ఉంతారు కదా."

ఆయన పెరట్లో ఉన్నారు. నేను గొంతు తగ్గించి, ఎడమ లివరు దేనికి అని అడిగాను.

"అడ్డంగా జరిపేది అదే. పట్టు వదిలితే బరువు ఊగుతాది." కన్నబాబు పకోడీలు తింటూ మామూలుగా చెప్పాడు. "ఆ కొత్త కుర్రోడు అలాగే ఊపుతన్నాడు. కట్ట లేసిన దగ్గర్నుంచి దిగేదాకా మెడ ఎత్తుకునే ఉంతన్నాను, మెడ పట్టీసింది. బావ కేబిన్‌లో ఉంటే నాను పైకి సూడనక్కా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ సూడలేదు."

ఇంకో నాలుగు పకోడీలు వేయబోతే చాలన్నాడు.

ఆగస్టు 7, గురువారం

రేపటి వ్రతానికి సామాన్లు తేవాలని చెప్పి ఒక్కదాన్నే వన్‌టౌన్ వెళ్ళాను. పాత కొలత రాసుకెళ్ళాను. షరీఫ్ గారు కొత్త ఎముక ముక్క అదే ఎత్తుకి చేసి ఇచ్చారు. దీన్ని పెడితే మళ్ళీ 3.4.

నా ఆలోచన ఇది. ఏమీ చెప్పకుండా ఇది పెట్టేస్తే ఒక్క కార్డూ పలకదు. ఆయనే భయపడి, డ్యూటీ అడగడం మానేస్తారు. నాకు చెప్పాల్సిన పని ఉండదు.

షరీఫ్ గారు ముక్కని కాగితంలో చుట్టి ఇస్తూ, "ఇదైనా సెప్పి పెడతారా అమ్మా?" అని అడిగారు.

తిరిగి వచ్చే ఆటోలో లెక్క కట్టాను. చెప్పకుండా దింపితే లేని బలం వచ్చిందనుకున్నారు. చెప్పకుండా పెంచితే, ఉన్నది కూడా ఒక్క రోజులో పోయిందనుకుంటారు. మొదటిదాని కన్నా ఇది పెద్ద తప్పు.

ఆగస్టు 8, శుక్రవారం

వ్రతం. పేరంటాళ్ళతోనే సరిపోయింది. రాయడానికి తీరిక లేదు. చెప్పడానికి కూడా.

ఆగస్టు 9, శనివారం

భోజనాలయ్యాక చెప్పాను. మాటలు సరిగ్గా రావని తెలిసి, ఈ పుస్తకం ఈ వైపు తెరిచి, టీవీ మీది కార్డు పక్కన పెట్టి ఆయన ముందుకి జరిపాను. కళ్ళజోడు అందించాను.

మొదటి పేజీ నుంచి చదివారు. వేలు పెట్టి, తేదీ తేదీకీ కార్డు చూస్తూ. నేను ఎదురుగా నిలబడ్డాను. అంత సేపు ఎప్పుడూ ఏదీ చదవలేదు ఆయన.

"వాన గాలి అన్నాను," అన్నారు చివరికి.

"అవునండీ."

"నువ్వు అవునన్నావు."

"అన్నాను."

"సిన్నపిల్లోడికి గోరుముద్ద పెట్టినట్టు పెట్టేవు నాకు." గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. "మంగళవారం నాను సంతకం పెట్టి కేబిన్ ఎక్కితే ఏటి సేద్దువు?"

"అందుకే చెప్తున్నాను."

"ఇప్పుడా. ఎఫ్ పట్టినప్పుడు సెప్పలేకపోయేవా?"

అప్పుడు మీ మొహం చూసి చెప్పలేకపోయాను అనాల్సింది. కొత్త ముక్క కాగితం విప్పి చూపించాను.

"పెట్టు," అన్నారు.

ఆయన చూస్తుండగా తీగలు వదులు చేసి, పాతది తీసి, కొత్తది పెట్టి, శృతి చేశాను. రేకులు దూర్చి 3.4 చూపించాను. గిటారు తీసుకున్నారు. ఎఫ్ పట్టారు. జూన్ పదో తేదీన వచ్చిన చప్పుడే వచ్చింది. వేళ్ళు మార్చి ఆరుసార్లు ప్రయత్నించారు. లెక్కపెట్టాను. తర్వాత గిటారు మంచం మీద బోర్లా పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆగస్టు 10, ఆదివారం

మాట్లాడలేదు. తిన్నారు.

ఆగస్టు 11, సోమవారం

రేపు ఏం చేస్తారో తెలియదు. సెయ్యగలను అన్నా అనొచ్చు. కోపం మీద ఉన్నారు. కన్నబాబుకి ఫోను చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. ఇది ఆయన చెప్పుకోవాల్సింది.

ఆగస్టు 12, మంగళవారం

ఎనిమిదింటికి వెళ్ళారు. చొక్కా ఇస్త్రీది ఇచ్చాను. ఆ పూట రాగి చెంబులన్నీ తోమాను, తోమిన వాటినే మళ్ళీ తోమాను.

రెండింటికి కన్నబాబు ముందు వచ్చాడు. గుమ్మంలోనే చెప్పేశాడు.

"బావ ఏటి సేసేడో తెలుసా అక్కా? డాక్టరు సంతకం పెట్టబోతంటే ఆపీసేడు. పన్నెండు కిలోలే ఉందని కార్డు తీసి బల్ల మీద పెట్టేడు. నాను కింద పనికి వస్తాను, పైకి వద్దు, అన్నాడు. డాక్టరే తెల్లబోయేడు. లైన్లో ఉన్నోళ్ళు నవ్వేరు."

"సీటు?"

"పోయినట్టే. కింద కట్టలు లెక్క రాసుకునే పని ఇస్తామన్నారు." కన్నబాబు చెప్పులు విప్పలేదు. "ఆ రోజు లివరు గురించి అడిగినప్పుడే నాకు సెప్పొచ్చు కదక్కా."

"తప్పే," అన్నాను.

ఆయన వెనకాల వచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. పదిహేనేళ్ళు కూర్చున్న కుర్చీ అది. అరవై అడుగుల ఎత్తు మీంచి యార్డంతా కనిపిస్తుందని, సముద్రంలో ఏ ఓడ ఆగి ఉందో రోజూ వచ్చి పిల్లవాడిలా చెప్పేవారు.

ఆగస్టు 14, గురువారం

కింద పనిలో చేరారు. రాత పని కుడిచేతిదే. "ఎండ" అన్నారు. ఐదు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

ఆగస్టు 17, ఆదివారం

మధ్యాహ్నం గిటారు తీసుకుని వంటింట్లోకి వచ్చారు. గరుకు కాగితం గట్టు మీద పరిచి, "నా ముందు రుద్దు," అన్నారు.

"ఎంతకి?"

"పలికీదాకా కాదు. సగం పలికీదాకా. తక్కినది నా సెయ్యి సూసుకుంటాది."

రుద్దాను, పెట్టాను, కొలిచాను. 3.2, 3.0, 2.8. ప్రతిసారీ నొక్కి చూశారు. 2.8 దగ్గర మూడు తీగలు పలికాయి, మూడు పలకలేదు. అక్కడ ఆపమన్నారు. పుస్తకం తెమ్మని, తేదీ వేసి, ఆ అంకె ఆయనే రాశారు. దాని కింద "మూడు" అని రాశారు. ఈ పేజీ పైన ఉన్న ఆ రెండు వరసలూ ఆయన రాతే.

పుస్తకం మూయకుండా అడిగారు. "ఇంకా ఏటేటి దింపేవు నా కోసం?"

గిటారు తప్ప ఏమీ లేదనబోయాను. నోరు తెరిచాక గుర్తొచ్చింది. ఒకటి చెబితే ఇంకొకటి వచ్చింది. ఆవకాయ జాడీ మూత ముందే వదులు చేసి పెడుతున్నాను. ఆయన స్నానానికి బకెట్ ముప్పాతికే నింపుతున్నాను. బియ్యం డబ్బా కింది అరలోకి మార్చాను. తలుపు గడియకి నూనె రాశాను. టూత్‌పేస్టు మూత పెట్టడం మానేశాను. చపాతీలు చింపి వేస్తున్నాను. చొక్కాకి పై గుండీ వదిలేసి తక్కినవన్నీ నేనే పెట్టి మడత పెడుతున్నాను, తల మీంచి తొడుక్కోడానికి వీలుగా. రాసుకోమంటే ఇక్కడే వరసగా రాశాను. ఏడు వచ్చాయి. ఇవి చేస్తున్నానని నాకే తెలియదు. తేదీ కూడా వేసుకోలేదు ఒక్కదానికీ.

ఆయన పెన్ను తీసుకుని కూర్చున్నారు. జాడీ మూత కొట్టేశారు. బకెట్ కొట్టేశారు. "డబ్బా పైన పెట్టీ." గడియకి నూనె ఎవరికైనా మంచిదే అన్నారు, వదిలేశారు. పేస్టు మూత కొట్టేశారు. చపాతీలు కొట్టేస్తూ నా వైపు ఒకసారి చూశారు.

చొక్కా గుండీల దగ్గర పెన్ను ఆగింది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఒకసారి ముడిచి చూసుకున్నారు.

"ఇది ఉండనీ," అన్నారు.